నీళ్ళు తీశాక వచ్చిన ఆటగాడు

శనివారం మధ్యాహ్నం. చిట్టిబాబు నీలం బనీను తొడుక్కుని అద్దం ముందు నిలబడ్డాడు. ముందు నుంచి చూసుకున్నాడు. వెనక్కి తిరిగి, మెడ వంచి మరీ చూసుకున్నాడు. వీపు సరిగ్గా కనపడలేదు. అయినా బాగుందనే అనుకున్నాడు.

"పెళ్ళికొడుకు తయారయ్యాడా?" అంది వసారాలోంచి వాళ్ళ మామ్మ పాపమ్మ.

"పెళ్ళికొడుకు కాదు మామ్మా, కెప్టెన్ని!"

ఏలూరులో తను చదివే హైస్కూల్లో చిన్న పిల్లల ఫుట్‌బాల్ జట్టుకి చిట్టిబాబే కెప్టెను. ఆ రోజు తాడేపల్లిగూడెం జట్టుతో ఫైనల్. గెలిచిన బడికి వెండి కప్పు ఇస్తారు. ఆ కప్పు వాళ్ళ బడికి ఇంతవరకూ ఒక్కసారి కూడా రాలేదు. ఈసారి వచ్చి తీరుతుందని హెడ్మాస్టరు గారు తన గదిలో బీరువా మీద చోటు తుడిపించి ఉంచారు.

బంతి కూడా కొత్తదే. దానికో కథ ఉంది. బడిలో ఆటలకిచ్చే డబ్బు అంతంత మాత్రం. బనీన్లు కొంటే బంతి రాదు, బంతి కొంటే బనీన్లు రావు. చివరికి బడి బనీన్లు కొంది. బంతి సంగతి చర్చి చూసుకుంది. కోతల పండక్కి జనం తెచ్చిన గుమ్మడికాయలు, కోళ్ళు, కొల్లేటి చేపలు ఆరాధన అయ్యాక వేలం పాట పెడతారు కదా, అందులో కొంత పిల్లల బంతికని పాస్టరు గారు పక్కన పెట్టించారు. పాపమ్మ తన పెట్టకోడిని ఇచ్చింది. పాడుకున్నవాళ్ళు కూరొండుకోకుండా దాన్ని మళ్ళీ పాటకే ఇచ్చేశారు. ఆ కోడి అలా ఎంతమంది చేతులు మారిందో దానికే తెలియాలి!

అందుకే బంతిని చూసినప్పుడల్లా పాపమ్మ, "అందులో సగం నా కోడేరా" అనేది.

మామ్మకి ఇంకో కథ కూడా ఉంది. గొడుగు వేసుకుని మనవడి వెంట మైదానానికి బయల్దేరిందో లేదో, మొదలెట్టింది.

"మాది కొల్లేటికోటా! వానాకాలం వస్తే ఎటు చూసినా నీళ్ళేనా! మీ నాన్న బళ్ళో చేరదామంటే..."

"వరద తగ్గి నీళ్ళు తీశాక నువ్వు పడవెక్కించి తీసుకొచ్చావు. అప్పటికి అందరూ సగం పుస్తకం చదివేశారు. ఇప్పుడొచ్చి చేరతాడా అని పిల్లలు నవ్వారు. అప్పటి మాస్టారేమో బెంచీ మీద చోటు ఖాళీగా ఉంచారు. అంతేగా మామ్మా?"

"పరీక్షలో ఎవరు ఫస్టొచ్చారో చెప్పలేదు!"

"నాన్నే."

చిట్టిబాబుకి ఆ కథ నోటికొచ్చు. ఆ నాన్నే, నిత్యానందం గారు, ఇప్పుడు అదే బడిలో లెక్కల మాస్టారు. ఆ కథ ఆయన నోటి వెంట మాత్రం ఎప్పుడూ రాదు.

వాళ్ళు మైదానం చేరేసరికి గూడెం జట్టు రైలు దిగి వచ్చేసింది. పాపం, వాళ్ళకి ఒక రంగు బనీన్లు లేవు. ఎవరి చొక్కా వాళ్ళదే. అందరివీ వట్టి కాళ్ళే. ఒక్కడి కాళ్ళకి మాత్రం బూట్లున్నాయి! నల్లగా, నిగనిగలాడుతున్న తోలు బూట్లు.

"వాడేరా రాజరత్నం," అన్నాడు తమ జట్టులో గోలు దగ్గర నిలబడే సత్యవేదం. "పోయినేడు ఉండి ఊళ్ళో చదివాడు. ఆట చూసి గూడెం వాళ్ళు లాక్కొచ్చారంట. ఎర వెయ్యకుండా ఎలా వస్తాడు? ఆ బూట్లు చూడు!"

చిట్టిబాబుకి ఒళ్ళు మండింది. అందరికీ బనీన్లు కొనని బడి ఒక్కడికి బూట్లు కొంటుందా? తిన్నగా రిఫరీ భాస్కరరావు గారి దగ్గరికి వెళ్ళాడు.

"ఏవండీ, ఆ బూట్లబ్బాయి బళ్ళో ఎప్పుడు చేరాడో కనుక్కోండి."

గూడెం మాస్టారు దాచలేదు. "నవంబర్లో చేరాడండి," అన్నారు.

భాస్కరరావు గారు తల పంకించారు. "జూలై దాటాక వేరే బడి నుంచి వచ్చినవాడు ఆ ఏడాది ఆడకూడదు. ఆటకోసం పిల్లల్ని అటూ ఇటూ లాగకుండా పెట్టిన రూలిది. కాకపోతే అవతలి కెప్టెన్ ఒప్పుకుంటే ఆడొచ్చు. ఏమయ్యా కెప్టెన్, ఒప్పుకుంటావా?"

"ఒప్పుకోనండి," అన్నాడు చిట్టిబాబు ఠక్కున.

రాజరత్నం వెనక్కి తిరిగాడు. వెళ్ళి గీత బయట కూర్చున్నాడు.

చిట్టిబాబు, ఆట చూడ్డానికి వచ్చిన నాన్న వైపు చూశాడు. "రూలు రూలే. నువ్వడిగిన దాంట్లో తప్పు లేదు," అన్నారాయన. నాన్న మెచ్చుకుంటే ఇంకా బాగుండేదనిపించింది చిట్టిబాబుకి.

ఆట మొదలైంది. బంతి ఎటు వెళ్తే నీలం బనీన్లు అటు ఎగబడ్డాయి. కాసేపటికి చిట్టిబాబే గోలు కొట్టాడు. "నా కోడి! నా కోడి!" అని పాపమ్మ గొడుగు ఊపింది. పక్కనున్నవాళ్ళు తలలు తప్పించుకున్నారు.

సగం ఆట అయ్యాక చిట్టిబాబు మంచినీళ్ళ కుండ దగ్గరికి వెళ్ళాడు. అక్కడ రాజరత్నం ఒక బూటు విప్పుకుని కూర్చున్నాడు. గుప్పున చేపనూనె వాసన కొట్టింది.

"ఇదేం వాసన?" అన్నాడు చిట్టిబాబు ముక్కు మూసుకుని.

"బూట్లకి చేపనూనె పట్టించానండీ. మా మాస్టారి పాత బూట్లివి. తోలు గట్టిపడిపోతే నూనె పెట్టి మెత్తబరిచాను."

ఆ బూటులోంచి గుడ్డపేలికలు బయటికి లాగాడు. ఎన్ని లాగినా ఇంకా వస్తూనే ఉన్నాయి. అది అతని పాదానికి చాలా పెద్దది.

"ఇంత పెద్దవి ఎందుకు వేసుకున్నావు మరి?"

రాజరత్నం అరికాలు పైకెత్తి చూపించాడు. అడ్డంగా ఒక గాయం, దాని చుట్టూ కట్టు. "ఇంటికెళ్ళినప్పుడు వల లాగుతుంటే గుల్ల కోసేసిందండీ. వట్టి కాళ్ళతో ఆడితే మళ్ళీ చిట్లుతుందని మాస్టారు వీటిని ఇచ్చారు."

"వల లాగావా? ఏ ఊరు మీది?"

"కొల్లేటికోటండీ."

చిట్టిబాబు చేతిలో గ్లాసు అలాగే ఉండిపోయింది.

"మరి నవంబరు దాకా బళ్ళో ఎందుకు చేరలేదు?"

"ఉండిలో మా అక్కా వాళ్ళింట్లో ఉండి చదివానండీ. బావకి గూడెం మిల్లులో పని దొరికితే అక్కా వాళ్ళు అక్కడికి మారారు. నేనూ అక్కడే చేరాలి. సెలవులకి మా ఊరొస్తే ఈలోగా కొల్లేరు పొంగింది. గాలికి పడవ నిలవదు. గేదెలూ వలలూ అన్నీ మెరకకి చేర్చుకోవాలి. నీళ్ళు తీశాకే కదండీ బడి!"

నీళ్ళు తీశాక. ఆ మాట చిట్టిబాబు ఎన్నిసార్లు విని ఉంటాడు! కొద్దిసేపటి క్రితం దార్లో తనే చెప్పాడు. ఇప్పుడొచ్చి చేరతాడా అని నవ్విన ఆనాటి పిల్లలంటే అతనికి ఎప్పుడూ కోపమే. ఇవాళ తను చేసింది కూడా అదే పని. చెవులు వేడెక్కాయి, సిగ్గేసింది.

అటు చూస్తే కప్పు బల్ల మీద ఎండకి మెరుస్తోంది. ఇంకో సగం ఆట అలాగే నెగ్గుకొస్తే అది తమదే. నోరు మూసుకుంటే తప్పు పట్టేవాళ్ళు కూడా లేరు, నాన్న కూడా పట్టరు.

చిట్టిబాబు గ్లాసు బోర్లించాడు. రిఫరీ దగ్గరికి పరిగెత్తాడు.

"ఏవండీ, నేను ఒప్పుకుంటున్నానండి. రాజరత్నాన్ని ఆడించండి."

భాస్కరరావు గారు కళ్ళజోడు పైకి జరుపుకుని చూశారు. "బాగా ఆలోచించుకున్నావా? తర్వాత మళ్ళీ వద్దంటే కుదరదు."

"ఆలోచించుకున్నానండి."

సత్యవేదం లబోదిబోమన్నాడు. అప్పటికే రాజరత్నం పేలికలు కుక్కుకుని, బూటు బిగించుకుని మైదానంలోకి వచ్చేశాడు.

అబ్బ, ఏం ఆడాడు! అంత పెద్ద బూట్లతో టపటపమంటూ పరిగెత్తుతూనే, మనుషుల మధ్య నుంచి నీళ్ళలో చేపలా జారిపోయాడు. ఒక గోలు కొట్టాడు. తర్వాత తను కొట్టగలిగిన దాన్ని పక్కవాడికి అందించి ఇంకోటి కొట్టించాడు. చిట్టిబాబు ప్రాణం పెట్టి ఆడాడు. చివర్లో అతను తన్నిన బంతి గోలు కర్రకి తగిలి వెనక్కి వచ్చేసింది. అంతలో విజిలు మోగింది.

కప్పు గూడెం వాళ్ళు తీసుకున్నారు. అందరికంటే ముందు వెళ్ళి రాజరత్నం చెయ్యి పట్టుకుని ఊపింది చిట్టిబాబే. ఓడిపోయినందుకు ఏడుపు వస్తూనే ఉంది. అయినా అద్దం ముందు నిలబడినప్పటి కన్నా ఇప్పుడే ఛాతీ పెద్దదైనట్టుంది.

"చేతికొచ్చిన కప్పు పారేశావు కదరా!" అన్నాడు సత్యవేదం. నీలం బనీన్లన్నీ మూతి ముడుచుకుని చుట్టూ చేరాయి.

"కొంచెం ఆగండి, ఒకటి చెప్తాను," అన్నాడు చిట్టిబాబు. "మా నాన్నది కూడా కొల్లేటికోటే. నీళ్ళు తీశాక పడవెక్కి వచ్చి మన బళ్ళో చేరారు. ఇప్పుడొచ్చి చేరతాడా అని అందరూ నవ్వారు. మాస్టారు మాత్రం బెంచీ మీద చోటు ఖాళీగా ఉంచారు. అలా ఉంచకపోతే మనకివాళ లెక్కల మాస్టారే లేరు."

వెనక నుంచి మామ్మ వింటోంది. ఇది తన కథ. పరీక్షలో ఎవరు ఫస్టొచ్చారో వాడు మళ్ళీ చెప్పలేదు. అయినా ఆవిడ అందుకోలేదు. కొంగుతో కళ్ళు తుడుచుకుంది. నిత్యానందం గారు కొడుకు పక్కకి వచ్చి, భుజం మీద చెయ్యి వేసి నిలబడ్డారు. ఆ చెయ్యి చాలాసేపు అక్కడే ఉంది.

సత్యవేదం కాసేపు నేల మీద గీతలు గీశాడు. కోపం సగం దిగింది. "మరి హెడ్మాస్టరు గారి బీరువా మీద తుడిపించిన చోటో?"

చిట్టిబాబు బంతికంటిన మట్టి నీలం బనీనుతోనే తుడిచి చంకలో పెట్టుకున్నాడు.

"ఖాళీగానే ఉంచుదాంరా," అన్నాడు. "కప్పు ఆలస్యంగా వస్తుంది."