మోకాలి మీట

వరండాలో నుంచి కిరసనాయిలు వాసన రాగానే ఎలిజబెత్ కళ్లు తెరవకుండానే అడిగింది.

"మొదలుపెట్టినావా?"

"రోంత పనే ఉండాది. ఈ పొద్దుతో అయిపోతాది," అన్నాడు ప్రభుదాసు.

"నన్ను కాకుండా ఆ గిటారునే పెండ్లి చేసుకోవాల్సింది నువ్వు."

ప్రభుదాసు నవ్వుకున్నాడు. ఆమె ఎగతాళి చేసిందంటే రాత్రి నిద్ర పట్టిందని అర్థం. పనిమనిషి పూలమ్మ ఆమెకు మొహం కడిగి, తల దువ్వి, చక్రాల కుర్చీలో వరండాలోకి తెచ్చింది. వాలిపోతున్న ఎడమ చెయ్యిని ఎత్తి ఒళ్లోని దిండు మీద సర్దింది. మదనపల్లె చలికాలపు ఎండ ముందు ఎలిజబెత్ పాదాలను తాకి, మెల్లగా మోకాళ్ల మీదికి వస్తోంది.

పోయిన వానాకాలంలో పక్షవాతం వచ్చి ఆమెకు ఎడమవైపు పడిపోయింది. మాట మాత్రం మిగిలింది, అదీ కొంచెం ముద్దగా.

వరండా మధ్యలో ఉన్నది ఆమె పెడల్ స్టీల్ గిటారు. నాలుగు కాళ్ల మీద నిలబడే పొడవాటి పెట్టె, దాని మీద పది తీగలు. మిషన్ ఆసుపత్రిలో పనిచేసిన ఒక అమెరికా నర్సమ్మ స్వదేశానికి వెళ్తూ ఎలిజబెత్‌కు ఇచ్చిపోయింది. కుడి చేతి వేళ్లతో తీగలు మీటాలి, ఎడమ చేత్తో వాటి మీద నున్నటి ఉక్కు కడ్డీ జరపాలి, ఎడమ పాదంతో కింద పెడలు తొక్కాలి. తొక్కినప్పుడు ఒక స్వరం సాగి ఇంకో స్వరంలో కలిసేది. ఆదివారం చర్చిలో ఆ సాగదీతకు ముసలివాళ్లు కళ్లు తుడుచుకునేవాళ్లు.

ప్రభుదాసు అదే ఆసుపత్రి మరమ్మతు షెడ్డులో పనిచేసి రిటైరయ్యాడు. విరిగిన మంచాలూ, తిరగని చక్రాలూ ఆయన చేతిలో పడితే బాగయ్యేవి. డాక్టర్లు ఆమెను ఇంటికి పంపేశాక ఆయన గిటారు విప్పాడు. కిరసనాయిలు పూసి తుప్పు గీకాడు, తీగలు మార్చాడు, శబ్దాన్ని పట్టే అయస్కాంతానికి బెంగుళూరులో కొత్త తీగ చుట్టించాడు. ఎడమ పాదం చేసే పనిని కుడి మోకాలితో చేసేలా ఒక మీట బొమ్మ గీసి, పుంగనూరులో కమ్మరి నల్లప్ప దగ్గర చేయించాడు. ఆమె వాయిస్తే చాలు, మళ్లీ మునుపటి మనిషవుతుందని ఆయన నమ్మకం.

ఆ నమ్మకానికి ఇవాళే గడువు. కూతురు సుహాసిని కుప్పంలో నర్సు. ఇవాళ వచ్చి తల్లిని తన దగ్గరికి తీసుకుపోతానని పోయినసారే చెప్పింది. ఎండ ముదరక ముందే సంచీతో దిగింది.

"ఏం నాయనా, ఇంగా దీని కిందే పండుకోనుండావా?"

"కూచో అమ్మా. ఈ పొద్దు మీయమ్మ వాయిస్తాది. విని పోదువు."

సుహాసిని తల్లి వైపు చూసింది. ఎలిజబెత్ భుజం ఎగరేసింది, ఒక్క భుజమే లేచింది.

ప్రభుదాసు కుర్చీని గిటారు ముందుకు నెట్టి స్పీకరు స్విచ్చి వేశాడు. "కుడి మోకాలు పక్కకు తొయ్యి. ఆ, అట్లా. ఇప్పుడు మీటు."

ఎలిజబెత్ వేలు తీగను తాకింది. స్వరం లేచి, మోకాలి కదలికతో సాగి, పక్క స్వరంలో ఒదిగింది. గిన్నెలు తోముతున్న పూలమ్మ చెయ్యి ఆగిపోయింది.

"సూసినావా? కడ్డీ పట్టుకో ఇంగ," అని ఉక్కు కడ్డీని తీగల మీద పెట్టాడు.

ఎలిజబెత్ దిండు మీది చెయ్యిని చూసింది. అది కదల్లేదు. ఆయన కడ్డీని ఇంకాస్త ఆమె వైపు జరిపాడు. అది తీగల మీద కీచుమని దొర్లి నేల మీద పడింది.

"నాయనా," అంది సుహాసిని నెమ్మదిగా, "కాలుకు మీట చేసినావు. చెయ్యి సంగతి?"

"చెయ్యి ఆలస్యంగా వస్తాదన్నారు గదా డాక్టరు."

"రాకపోవచ్చు అన్నాడు. నేనూ పక్కనే ఉండా. నువ్వు సగమే విన్నావు."

"ఇంకో మీట చేయిస్తా. నల్లప్పతో చెప్పి..."

"సాలు." ఆ మాట అన్నది ఎలిజబెత్. "ప్రతి పొద్దూ ఆ పెట్టెను సూసి, ఆ పైన నన్ను సూస్తావు. ఇంగా ఏం బాగు చేయాల అని. నాకు అలుపొచ్చేసింది. నన్ను కుప్పం పంపిచ్చెయ్యి."

ప్రభుదాసు నేల మీద పడిన కడ్డీ కోసం వంగాడు, తీయకుండానే లేచాడు.

"నీ కోసమే గదా చేసింది."

"నా కోసమే. ఈ చెయ్యి పూలమ్మ పట్టుకుంటాది, సుహాసిని పట్టుకుంటాది. పడిపోయినప్పట్నుంచి నువ్వు ఒక్కసారన్నా పట్టుకున్నావా?"

ఆయన చూపు దిండు మీది చెయ్యి మీద ఆగింది. మాట్లాడినప్పుడు ఆ గొంతు సుహాసిని ఎప్పుడూ విననిది.

"భయమేసింది. సల్లగా ఉంటాదేమో అనుకున్నా."

సుహాసిని కళ్లు తుడుచుకుంది. తండ్రి మీద కోపంతో వచ్చిన మనిషికి ఇప్పుడు ఏం చేయాలో తోచలేదు. సంచీ లోపల పెట్టి వచ్చి, "ఈ వారం ఈడే ఉంటాను. అమ్మను ఎట్లా లేపాలో, ఎట్లా కూచోబెట్టాలో నేర్చుకో నాయనా. ఆ పైన ఆమె ఇష్టం," అంది.

ఎలిజబెత్ తల వెనక్కి వాల్చి కళ్లు మూసుకుంది.

ప్రభుదాసు ముక్కాలిపీట లాక్కుని ఆమెకు ఎడమవైపు కూర్చున్నాడు. ఆ చెయ్యిని రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. బరువుగా ఉంది. ఎండ సోకిందేమో, వెచ్చగా ఉంది. వేళ్లు ముడుచుకుపోయి ఉంటే ఒక్కొక్కటీ విప్పి తన అరచేతిలో పెట్టుకున్నాడు. ఎండ ఆమె ఒళ్లో నుంచి భుజం మీదికి పాకింది.

చివరికి కళ్లు తెరవకుండానే అడిగింది. "పట్టుకున్నావా?"

"పట్టుకున్నా."

"ఎప్పుడు?"

"సేనాసేపాయ."

"సెప్పాల గదా. నాకు ఆ చేతిలో ఏం తెలీదు."

ఆయన ఆమె చెయ్యిని తన ఒడిలోకి ఇంకాస్త దగ్గరగా తీసుకున్నాడు. కాసేపాగి, ఆమె అడగకముందే చెప్పాడు.

"పట్టుకోనే ఉండాను."