మిగతా తొంభై ఏడు శాతం

తలుపు తోసిన చప్పుడుకి అతని చేతిలో పెన్ను ఆగింది.

గుమ్మంలో ఒక అమ్మాయి. తెల్ల కోటు. గొడుగు నుంచి నీళ్ళు కారుతున్నాయి. చంకలో ఇటుకంత నిఘంటువు.

"దీన్ని తయారుచేసింది ఇక్కడేనా?"

"ఇక్కడేనండి. కూర్చోండి."

"కూర్చోడానికి రాలేదు." పుస్తకం బల్లమీద ధబ్బున పడింది. "కర్కుమిన్ అనే మాట తీసి చదవండి."

అతను తీశాడు. "కర్కుమిన్: పసుపు."

"సిగ్గుగా లేదూ?"

పొద్దున్నే టీ కూడా తాగకముందు అంత అందమైన కోపాన్ని ఎదుర్కోవాల్సి వస్తుందని అతను అనుకోలేదు.

ఆమె ఆహారపదార్థాలు పరీక్షించే ల్యాబ్‌లో కెమిస్ట్. ఒక పసుపు మరవాళ్ళు పంపిన పొడి పరీక్షించి, 'కర్కుమిన్ మూడు శాతం' అని రాసి సంతకం పెట్టింది. మేలైన సరుకే. కానీ కొనబోయే వ్యాపారికి ఆ మాట తెలియక ఈ పుస్తకం తెరిచాడు.

"కర్కుమిన్ అంటే పసుపు. అంటే ఈ పొడిలో పసుపు మూడు శాతమే. మిగతా తొంభై ఏడూ ఏం కలిపారు అంటున్నాడు!"

అతనికి నవ్వు ఆగలేదు.

"నవ్వండి. కల్తీకి సంతకం పెట్టానట నేను. మూడింటికి ఆయన ల్యాబ్‌కి వస్తాడు. ఆయన్ని ఒప్పించకపోతే రేపట్నుంచి రావద్దని మా మేనేజర్ చెప్పేశాడు."

నవ్వు చప్పున ఆరిపోయింది.

అతను లేచి సొరుగు లాగాడు. ఆ ఆఫీసులో ప్రతి మాటకీ ఒక కార్డు, కార్డు అడుగున అది రాసినవాళ్ళ సంతకం ఉంటాయి. కర్కుమిన్ కార్డు చూసి, వెంటనే సొరుగు మూసేశాడు.

"ఎవరు రాశారు?"

"నేనే."

అబద్ధం. ఆ సంతకం అతని నాయనమ్మది. ఈ పుస్తకం మీద వంగి వంగి చూపు సగం పోగొట్టుకున్న మనిషి. ఆమెని ఎవరైనా వేలెత్తి చూపడం అతనికిష్టం లేదు.

"అయితే మూడింటికి మీరొచ్చి, తప్పని ఆయన ముందు చెప్పండి."

"ఇప్పుడే వస్తాను. మొదట నాకు అర్థం కావాలిగా."

ఒక్కటే గొడుగు. అతని ఎడమ భుజం పూర్తిగా తడిసింది. కుడి భుజం గురించి అడిగితే అతనేమీ చెప్పలేడు.

ల్యాబ్‌లో ఆమె చెంచాడు పసుపు పరీక్షనాళికలోని స్పిరిట్‌లో వేసి కలిపింది. కాసేపటికి మడ్డి అడుగుకి దిగి, పైన బంగారంలాంటి రంగు తేలింది.

"పసుపులోంచి ఊడొచ్చిన ఈ రంగుందే, ఇదీ కర్కుమిన్. అడుగున పిండీ పీచూ. అన్నీ కలిస్తేనే పసుపు. పాలలో వెన్న నూటికి నాలుగు పాళ్ళుంటే, మిగతాదంతా కల్తీ అంటామా?"

అతను జేబులోంచి కార్డు తీసి గబగబా రాసుకున్నాడు.

"మందుల షాపులో మాత్రల డబ్బామీద ఈ పేరుంటుంది. అది చూసి వంటింట్లో పసుపే కదా అనుకుంటే పొరపాటు."

ఇంకో కార్డు. ఆ వెంటనే మరో రెండు.

"ఏం రాస్తున్నారు?"

"మా పుస్తకంలో ఉదాహరణ వాక్యం సొంతంగా కల్పించకూడదండి. ఎవరో ఒకరు నిజంగా అన్నదై ఉండాలి."

ఆమె చటుక్కున కార్డులు లాక్కుంది. మొదటి రెండూ సరే. మూడోది: 'గొడుగు మీవైపు కూడా పట్టుకోండి.' నాలుగోది: 'తల తుడుచుకోండి, జలుబు చేస్తుంది.'

"వీటిలో కర్కుమిన్ ఎక్కడుంది?"

"ఉదాహరణలు ఎక్కువుంటే మంచిదని..."

"మీ చెవులెందుకలా ఎర్రబడ్డాయి?"

అతని చెయ్యి ఐదో కార్డు కోసం జేబులోకి వెళ్ళింది. ఆమె నవ్వు దాచుకోవడానికి అటు తిరిగింది.

సరిగ్గా మూడింటికి వ్యాపారి వచ్చాడు. ముక్కుసూటి మనిషి. మేనేజర్ పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"అచ్చయిన పుస్తకం అబద్ధం చెబుతుందా?"

"చెప్పిందండి," అన్నాడు అతను. "ఆ మాట రాసింది నేనే. తప్పు నాది."

వ్యాపారి పుస్తకం మొదటి పేజీ తిప్పాడు. అతన్ని ఎగాదిగా చూశాడు.

"ఇది అచ్చయి ఇరవై మూడేళ్ళు. అప్పటికి నీకు పాలపళ్ళయినా ఊడాయా?"

మేనేజర్ ఆమెవైపు గుర్రుగా చూశాడు.

"అబద్ధపు సాక్షిని తెచ్చిపెట్టారంటే ఇక రిపోర్టు సంగతి చెప్పాలా!" వ్యాపారి లేచాడు.

ఆమె అతనివైపు చూసింది. ఆ కళ్ళల్లో కోపం లేదు. అంతకన్నా ఘోరం, నమ్మకం పోయింది.

అతను ఫోన్ తీసి స్పీకర్ నొక్కాడు.

"నాయనమ్మా, కర్కుమిన్ అంటే పసుపు అని రాశావు. అది తప్పు. దానివల్ల ఇక్కడ ఒకమ్మాయి ఉద్యోగం పోయేలా ఉంది. నువ్వు రాశావని చెప్పలేక నేను రాశానని అబద్ధమాడాను."

అవతల నాయనమ్మ గొంతు ఖంగుమంది.

"వెధవా! తప్పు రాయడం నాకు చిన్నతనం కాదురా, దాన్ని దాచడం చిన్నతనం. ఎవరండీ అక్కడ? ఆ మాట రాసింది నేనే. నాకు తెలిసింది అంతే, తెలుసుకోకుండా రాశాను. ఆ పిల్ల చెప్పింది వినండి."

వ్యాపారి మెల్లగా కూర్చున్నాడు. ఆమె పరీక్షనాళిక ఎత్తి చూపించి, పాల సంగతితో సహా మళ్ళీ మొదట్నుంచీ చెప్పింది. ఆయన రిపోర్టు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"సరుకు పంపించమనండి. నన్ను ఏమీ అనుకోకమ్మా."

మేనేజర్ గొంతు సవరించుకుని, "రేపు తొమ్మిదింటికే రా. శాంపిల్స్ చాలా ఉన్నాయి," అన్నాడు.

ఫోన్లో ఇంకా గొంతు వినిపిస్తోంది. "అమ్మాయ్, నువ్వోసారి మా ఇంటికి రా తల్లీ. నా పుస్తకంలో ఇంకా ఎన్ని తప్పులున్నాయో చూద్దువుగాని."

మెట్లమీద ఆమె ఆగింది. రెండు మెట్ల కింద అతను వెనక్కి తిరిగాడు.

"అబద్ధం ఎందుకు చెప్పారు?"

"ఆవిడ తల దించుకుంటే చూడలేననుకున్నాను."

"మరి నిజం ఎందుకు చెప్పారు?"

"మీరు నన్ను అలా చూస్తే బతకలేననిపించింది. మిమ్మల్ని పోగొట్టుకుంటానని..."

"నేనెప్పుడు దొరికానండీ, పోగొట్టుకోడానికి?"

"పొద్దున. పుస్తకం బల్లమీద పడేసినప్పుడు."

ఆమె ఒక మెట్టు దిగింది. ఇంకో మెట్టు దిగింది. అతని పక్కకి వచ్చాక ఆగింది.

"నేను ఇవాళ చూపించింది కోపం ఒక్కటే. మూడు శాతం కూడా ఉండదు."

"మిగతాది?"

"ఎదురుగా కూర్చుని అడగాలి. ఆదివారం నాకు సెలవు," అంది ఆమె.