రెండో పొయ్యి

పలక మూడోసారి కూడా ఎర్రగా వెలిగింది. "ఒక వేతనానికి ఒక్కరే గ్రహీత" అంది పలకలోంచి సర్వే యంత్రం పూరణి, పదకొండేళ్లుగా మారని ఆ తియ్యటి గొంతుతో. విజయగౌరికి పలకను సముద్రంలోకి విసిరెయ్యాలనిపించింది. విసిరితే కొత్తది ఇస్తారు. దానికీ ఇదే గొంతు ఉంటుంది.

జాతీయ కుటుంబ సర్వేలో, ఈ నాచుమడుల తీరంలో, ఆమెకిది ఇవాళ ఆరో ఇల్లు. ఎవరిని కూలి ఎంతని అడిగినా ఒకటే జవాబు: "జోడుకి తొమ్మిదొందలు." జోడు అంటే మొగుడూ పెళ్లామూ. ఒకరు పడవలో తాడు పట్టుకుంటారు, ఇంకొకరు మడిలోకి దిగి నాచు కోస్తారు. ఇద్దరికీ కలిపి ఒకటే కూలి. పూరణి ఆ మొత్తం మొగుడి పేర రాసుకుని, పెళ్లాన్ని 'సహాయకురాలు' అని పక్కన పెడుతుంది. సహాయకులకు జీతం లేదు కాబట్టి ఆడామగా జీతాల తేడా లెక్కలోకి వాళ్లు రానే రారు. అందుకే వేతనాంతర సూచి ఏటేటా దిగుతోంది, ఆఫీసులో ఏటేటా లడ్డూలు పంచుతున్నారు. ఆ లడ్డూలు విజయగౌరి కూడా తింది.

"మీలో నీళ్లలోకి దిగేదెవరు?" అని ఆ ఇంటి జోడుని అడిగింది.

"నానే" అంది నూకాలు. ఆ ఒక్క మాటకే దగ్గు తెర ముంచుకొచ్చింది. మడి ఆవిరి రెండేళ్లుగా ఆమె ఊపిరితిత్తుల్ని తినేస్తోంది. శ్రామిక ఆస్పత్రి తలుపేమో సర్వేలో వేతన గ్రహీతలుగా ఉన్నవాళ్లకే తెరుచుకుంటుంది. "పోయినవారం ఎల్లాను అమ్మగోరూ. మీ ఆయనకి దగ్గొస్తే తీసుకురా అన్నాదా తలుపు."

"నాకు దగ్గు నేదు కదా" అన్నాడు ఆమె భర్త ఎల్లాజీ, తప్పు చేసినవాడిలా.

విజయగౌరికి ఒళ్లు మండింది. అదే సమయానికి చెవిలో పర్యవేక్షకుడు త్రినాథరావు: "గౌరి గారూ, పూరణితో వాదన పెట్టుకోకండి. పక్కింటికి వెళ్లండి."

ఆమె వెళ్లలేదు. ఒకే పొయ్యి మీద వండుకు తినేవాళ్లు ఒక కుటుంబం. ప్రతి కుటుంబానికీ ఒక వేతన గ్రహీత ఉండి తీరాలి. ఈ రెండు నియమాలూ శిక్షణ తరగతుల్లో తనే అందరిచేతా వల్లె వేయించింది.

"నూకాలమ్మా, ఇంకో పొయ్యి పెట్టి నీ అన్నం నువ్వు వేరే వండుకుంటావా? అప్పుడు నిన్ను విడిగా రాయక తప్పదు దీనికి."

"మావని ఒగ్గీమంటారేటి?"

"అక్కర్లేదు. అన్నం వేరైతే చాలు."

నూకాలు కాసేపు మొగుడి వంక చూసింది. తర్వాత పెరట్లోకి వెళ్లి మూడు ఇటుకలు పేర్చి, ఎండునాచు వేసి అంటించింది. పలక పచ్చగా వెలిగింది. "కొత్త కుటుంబం. గ్రహీత నూకాలు. వేతనం?"

నూకాలు పొయ్యిలోకి ఇంకాస్త నాచు తోసింది.

"సగం సెప్పీయే" అన్నాడు ఎల్లాజీ.

"నీకు తగ్గిపోద్ది మావా."

"తగ్గడానికేటుంది? ఎప్పుడూ సగమే కదా నాది."

తొమ్మిదొందల మనిషి ఆ ఇంట్లో ఏనాడూ లేడు. నాలుగొందల యాభై మనుషులు ఇద్దరున్నారు. పదకొండేళ్లలో ఈ తీరంలో తను రాసిన మొదటి నిజమైన అంకె ఇదేనని విజయగౌరికి సిగ్గేసింది.

కంచె అవతల నిలబడి విన్న ఆడమనిషి పరుగున వెళ్లి ఇటుకలు వెతుక్కుంది. మధ్యాహ్నానికి తీరం పొడుగునా నూట నలభై పెరళ్లలో పొగ లేచింది. పొయ్యి వెలిగించిన ప్రతి ఆడమనిషీ వచ్చి పలకకి తన పేరూ, సగం కూలీ చెప్పిపోయింది.

"ఏం చేశారండీ!" చెవిలో త్రినాథరావు అరిచాడు. "ఇంతమంది ఆడవాళ్లు ఇంత తక్కువ కూలితో లెక్కలోకొచ్చేసరికి సూచి తొమ్మిదేళ్ల కిందటి అంకెకి ఎగిరింది. ఒక్క పూటలో నూట నలభై కాపురాలు కూలిపోయాయా?"

"కాపురాలకేం, లక్షణంగా ఉన్నాయి సార్."

"పూరణి తనిఖీ అడుగుతోంది. రెండు పొయ్యిల మీదా నిజంగా వంట జరుగుతోందా?"

విజయగౌరి పలకను పెరటివైపు తిప్పింది. నూకాలు అన్నం తిని, పలక ఇచ్చిన ఆస్పత్రి చీటీ కొంగున కట్టుకుని బయల్దేరుతోంది. లోపల పాత పొయ్యి ముందు ఎల్లాజీ పొగకి కళ్లు నులుముకుంటూ కూర్చున్నాడు.

"ఒలే, బియ్యానికి నీళ్లెన్ని?"

"ముందు కడుగు" అంది నూకాలు, వెనక్కి తిరక్కుండానే.

"జరుగుతోంది సార్" అంది విజయగౌరి. "ఒకదాని మీద కాస్త ఆలస్యమవుతుంది. రాసుకోమనండి."