మెత్తమాట

ఆ పూట పంతొమ్మిదో రోగి పరీక్ష ఫలితం తెరమీదికి వచ్చేసరికి నూకరత్నం మణికట్టు మీద గుటకగంట మోగింది. ఉగ్గుగిన్నెంత గ్లాసులోంచి పలచటి పప్పుకట్టు ఒక్క గుటక తాగి, అది దిగేదాకా కళ్ళు మూసుకుంది. ఒళ్ళు తగ్గడానికి ఆపరేషన్ చేసి కడుపు కుదించి తొమ్మిది వారాలైంది. ఇప్పుడు ఆమె కడుపు అరటికాయంత. ఇంకో గుటకకు పావుగంట ఆగాలి.

"అక్కా, ఆ గ్లాసుతో పోస్తే మా ఇంట్లో పిల్లి కూడా మూతి తిప్పుకుంటాది," అన్నాడు పక్క బల్ల దగ్గరి సన్యాసిరావు.

"ముందు నీ పొట్ట చూసుకోరా. వచ్చే ఏడు ఈ గ్లాసు నీకే ఇస్తాను."

నవ్వుతూనే తెరవైపు తిరిగింది. పైన నల్ల అక్షరాల్లో గట్టిమాట ఉంది: ఎవరివో రెండు మూత్రపిండాలూ పనికిరాకుండా పోతున్నాయి. కింద ఖాళీ గడి. అందులో మెత్తమాట పెట్టడం ఆమె పని. రెండూ ఇంటివాళ్ళకే వెళ్తాయి. వాళ్ళు మెత్తమాట మాత్రం రోగికి చదివి వినిపిస్తారు. గట్టిమాట రోగి దాకా వెళ్ళే దారి అసలు లేదు. జబ్బు పేరు మనిషికి చెప్పకుండా ఇంట్లోవాళ్ళు దాచుకోవడం ఎప్పటినుంచో ఉన్నదే. ఇంటిమాట చట్టం వచ్చాక ఆ దాచడం సర్కారు పని అయింది. అనకాపల్లి కార్యాలయంలో రత్నం పదకొండేళ్ళుగా ఆ పనే చేస్తోంది. రాసిన మెత్తమాటలన్నీ దాచే మాటలకొట్టులోంచి ఎక్కువమంది వాడుకున్నవి ఆమె వాక్యాలే.

అందులో ఆమెకు తప్పు కనిపించలేదు. రోజూ పొద్దున నూకాలమ్మ పటం ముందు దీపం పెట్టి, "ఈరోజు నా మాటవల్ల ఒక్కరైనా నిద్రపోవాలి తల్లీ" అని దండం పెట్టుకుని వచ్చేది.

పన్నెండు కావస్తుండగా భర్త సింహాద్రి ఫోన్ చేశాడు. పనివేళలో ఆయన ఎన్నడూ చేయడు.

"రత్నం, తిన్నావా?"

"తినడానికేముంది మావా, నాలుగు చెంచాలు. ఏటి ఈ వేళప్పుడు?"

"మొన్న నీకు చేసిన పరీక్ష ఫలితం వచ్చింది. కంగారేం లేదు." గొంతు సవరించుకుని, పాఠం అప్పజెప్పినట్టు చదివాడు. "ఒళ్ళు తగ్గేటప్పుడు లోపల కాస్త కొవ్వు ఒకచోట చేరుతుంది. ఇల్లు సర్దేటప్పుడు మూటలన్నీ గుమ్మం దగ్గర పెట్టుకుంటాం చూడండి, అలాగ. నెమ్మదిగా అదే పోతుంది. ఒక చిన్న పరీక్ష చేయించుకుంటే మనసు కుదుటపడుతుంది."

రత్నం ఫోన్ చెవికి ఇంకా దగ్గరగా అదుముకుంది.

ఆ మూటలూ గుమ్మమూ ఆమెవే. మూడేళ్ళ కిందట పార్వతీపురంలో ఒక పంతులమ్మ కోసం రాసింది. బాగా కుదిరిందని ఆ సాయంత్రం సింహాద్రికి చదివి వినిపించింది కూడా. ఆయన మరిచిపోయాడు. ఉద్యోగుల సొంత ఫలితాలు వాళ్ళ కార్యాలయానికి రావు. ఆమెది వేరే జిల్లాకు వెళ్ళి ఉంటుంది. అక్కడి యంత్రం కొట్టంతా వెతికి, అన్నిటికన్నా మంచి వాక్యం తీసి పెట్టింది.

ఆరు నెలలకు ఆ పంతులమ్మ పోయింది, కాగితాలు మూసేశారు. ఆ ఆరు నెలలూ ఆవిడ మనసులో ఏమనుకుందో ఎవరూ అడగలేదు. రత్నమూ అడగలేదు.

"మావా, పైన నల్ల అక్షరాలు ఉంటాయి. అవి చదువు."

"ఇంతే ఉందే."

"ఎక్కడేముంటాదో నాకు తెలీదా?"

"డాక్టరు వద్దన్నారే. దిగులుపడితే లోపలి కుట్లు మానవంట. అసలే పిట్టలా తింటున్నావు." ఆయన ఏడుస్తున్నాడు. "నానెలా చదవనే?"

"నాకోసం చదువు మావా."

చదివాడు. కాలేయం మీద రెండు సెంటీమీటర్ల నీడ. గడ్డ కావచ్చు, కాకపోవచ్చు. గురువారం ముక్క తీసి చూడాలి.

సింహాచలం మెట్లు ఒక్కసారైనా నడిచి ఎక్కాలని ఆమె కడుపు కోయించుకుంది. మోకాళ్ళు ఇప్పుడిప్పుడే మాట వింటున్నాయి. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అయినా ఒక సంగతి ఆమెను వదల్లేదు. కాకపోవచ్చు అని కూడా ఉంది కదా. తన వాక్యం భయాన్నే కాదు, ఆ కాకపోవచ్చును కూడా దాచేసింది. మనిషి దేవుడికి ఏమని మొక్కుకోవాలో కూడా తెలియనివ్వకుండా చేసింది. అమ్మవారు ఇన్నాళ్ళూ తన దండం ఎలా అందుకుందో?

"గురువారం సెలవు పెట్టు. ఇద్దరం వెళ్దాం," అంది. "ఇప్పుడెళ్ళి అన్నం తిను. నువ్వైనా కడుపునిండా తిను."

తెరమీద ఇరవయ్యో ఫలితం వచ్చి ఉంది. పారమ్మ, డెబ్భై ఒక్క ఏళ్ళు, సాలూరు. ఆమె ఫోన్లో ఉండగా యంత్రమే కొట్టులోంచి ఒక మెత్తమాట తెచ్చి ఖాళీ గడిలో పెట్టింది. రత్నం దాన్ని చెరిపేసింది. ఆ చోట ఇలా రాసింది: "అమ్మా, మీ పరీక్ష ఫలితం వచ్చింది. మీరు వింటారా, మీవాళ్ళకు చెప్పమంటారా?" వినేవారి పేరు రాసే గడిలో కొడుకు పేరు తీసి పారమ్మ పేరే పెట్టింది.

ఈ వరుసలో అలాంటి మార్గం లేదని తెర చెప్పింది. మనిషి పూచీ మీద పంపాలంటే వేలిముద్ర కావాలంది. రత్నం బొటనవేలు ఆనించింది.

గదిలో తెరలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. యంత్రం ఇంతవరకూ రోగి జవాబు కోసం ఎదురుచూసి ఎరగదు. పారమ్మ వెనకున్న మూడు వందల ఫలితాలూ నిలబడిపోయాయి.

సన్యాసిరావు లేచి వచ్చాడు. "ఏటక్కా ఇది? పెద్దసారు చంపేస్తాడు. తీసేయ్, ఇంకా ఎవరూ చూడలేదు."

ఆమె తీయలేదు. చేతులు ఒడిలో పెట్టుకుని కూర్చుంది.

చాలాసేపటికి పారమ్మ ఫోన్ కలిసి, తెరలోంచి ఒక ముసలి గొంతు వచ్చింది. వెనకాల ఎక్కడో కోళ్ళ అరుపు.

"ఎవులమ్మా నువ్వు? రెండేళ్ళుగా తిరుగుతున్నాను, నన్నడిగినోళ్ళే లేరు. మావోడు పొలానికెళ్ళాడు. పరవాలేదు, నానే వింటాను." పీట లాగిన చప్పుడైంది. "ఉండు తల్లీ, కూకుంటాను. ఆ... ఇప్పుడు చెప్పు. మెల్లగా చెప్పు."

తెర తీగ పీకేయబోయిన సన్యాసిరావు చేయి దాని దాకా వెళ్ళి ఆగిపోయింది. రత్నం కుర్చీ తెరకు దగ్గరగా లాక్కుని, నల్ల అక్షరాలు మొదటినుంచీ చదవసాగింది.