వంతెన మీద వెనక్కి నడిచే మనిషి

మా ఊరి చివర వంతెన మీద దెయ్యం ఉందంటారు. వాన పడే రాత్రుళ్ళు రోడ్డు మధ్యలో రెయిన్‌కోటు వేసుకున్న ఆకారం ఒకటి నిలబడుతుందట. చేతిలో టార్చి, అదీ మోకాలి ఎత్తున. బండి దగ్గరకొస్తే పక్కకు తప్పుకోదు... దూరంగా జరుగుతుంది. మొహం మాత్రం మనవైపే ఉంటుంది.

మొహం ఇటు, నడక అటు. అంటే పాదాలు వెనక్కి తిరిగి ఉన్నట్టే కదా — అని బస్టాండు టీకొట్టు దగ్గర తేల్చిపారేశారు పెద్దమనుషులు. పైగా ఒక ఉచిత సలహా. కనబడితే బ్రేకు వేయకు, ఆగావో పోయావే, కళ్ళు మూసుకుని తొక్కెయ్.

ఆ సలహా మొదట ఇచ్చినవాడెవడో నాకు దొరకాలి. దొరకడు. ఇలాంటి మాటలకు తల్లీ తండ్రీ ఉండరు.

ఇది మా మేనమామకు జరిగింది. రొట్టెల వ్యాన్ నడుపుతాడు. చీకటి ఉండగానే పక్క ఊరి బేకరీలో సరుకు ఎత్తుకుని, తెల్లారేసరికి మా ఊరి కొట్లలో దించాలి. మధ్యలో ఆ వంతెన దాటక తప్పదు.

ఆ దెయ్యం ఎవరిదని అడిగితే హెడ్డుగారిదని ఎవరైనా చెబుతారు. వయసులో ఉన్నప్పుడు మిలిటరీలో లారీలు నడిపారు, తర్వాత రిటైరయ్యేదాకా మా స్టేషన్లో హెడ్ కానిస్టేబుల్. నోరు చెడ్డది. మనసు... దాని సంగతి ఎవడికి కావాలి? మునిసిపల్ ఛైర్మన్ గారి బావమరిది తాగి కారు నడుపుతుంటే తాళంచెవి లాక్కుని ఇంటిదాకా నడిపించారు. వాడు ఎక్కడ కాలవలో పడతాడోనని వెనకాలే తనూ నడిచారు. ఆ ఇంటివాళ్ళకు ఆయన నడిచింది గుర్తు లేదు, తాళంచెవి గుర్తుంది.

వరదకు వంతెన పిట్టగోడ ఒకవైపు కొట్టుకుపోయింది. గోడ కట్టించండని మునిసిపల్ ఆఫీసు చుట్టూ చెప్పులరిగేలా తిరిగారు హెడ్డుగారు. ఖాళీ తారు డ్రమ్ములు అడ్డం పెట్టి చేతులు దులుపుకున్నారు వాళ్ళు. మరుసటి వానాకాలంలో ఒక రాత్రి, అదే వంతెన మీద ఏదో బండి ఆయన్ని గుద్దేసి ఆగకుండా పోయింది.

రిటైరైన ముసలాయనకు వానలో అక్కడేం పని, మతి చలించి ఉంటుందన్నారు. అన్నవాళ్ళే సంతాపసభ పెట్టి, మైకు పట్టుకుని కళ్ళు తుడుచుకున్నారు. గోడ మాట ఒక్కడూ ఎత్తలేదు. నాకు ఒళ్ళు మండిపోయి మధ్యలోనే లేచి వచ్చేశాను.

సరే, మామయ్య సంగతి.

ఆ రోజు కుండపోత. వైపర్లు తుడుస్తున్నా అద్దంలోంచి ఏమీ కనబడటం లేదు. వంతెన మొదట్లోకి వచ్చాడో లేదో... ఎదురుగా వెలుగు. మోకాలి ఎత్తున. మెల్లగా అటూ ఇటూ ఊగుతోంది.

రెయిన్‌కోటు... కింద నుంచి పడే వెలుతురులో ఒక చుబుకం, రెండు కంటి గుంతలు. అది వెనక్కి జరుగుతోంది — ఒక్కో అడుగే — చూపు మాత్రం మామయ్య మీదే.

టీకొట్టు సలహా గుర్తొచ్చింది. కళ్ళు మూసుకున్నాడు. తొక్కాడు.

బండి ఊపందుకుంది. అయినా పూర్తిగా మూసుకోలేక ఒక కన్ను తెరిచాడు... ఆ ఆకారం కాలు జారి వెల్లకిలా పడింది. పడి, మొహానికి రెండు చేతులూ అడ్డం పెట్టుకుంది.

దెయ్యానికి చేతులు అడ్డం పెట్టుకునే అవసరమేముంది?

బ్రేకు మీద నిలబడ్డాడు మామయ్య. వ్యాన్ అడ్డంగా జారింది, వెనక రొట్టెల ట్రేలన్నీ ధడధడా పడ్డాయి. జానెడు దూరంలో ఆగింది.

దిగి చూస్తే — హెడ్డుగారి భార్య. చేతులతో తడుముకుంటూ టార్చి వెతుక్కుంటోంది.

"డ్రమ్ము ఏట్లోకి కొట్టుకుపోయింది బాబూ," అంది. "ఎడమవైపుకి పోకు."

మామయ్య అప్పుడు చూశాడు. ఎడమ చక్రం పక్కన రోడ్డు లేదు.

ఆవిణ్ణి లేపి వ్యాన్‌లో కూర్చోబెట్టాడు. చలికి పళ్ళు టకటకలాడుతుంటే ఆవిడ చెప్పుకొచ్చింది. మిలిటరీలో కొండదారుల్లో రాత్రిపూట లారీలకు లైట్లు వేయనివ్వరట. ఒక మనిషి డ్రైవరుకు ఎదురుగా నిలబడి, టార్చి మోకాళ్ళ దగ్గర పట్టుకుని వెనక్కి నడుస్తాడట. డ్రైవరు కళ్ళల్లో వెలుగు పడదు, రోడ్డు అంచు మాత్రం కనబడుతుంది. హెడ్డుగారు వంటింట్లోంచి వీధిగుమ్మం దాకా అలా నడిచి చూపించి ఆవిణ్ణి నవ్వించేవారట.

గోడ పోయినప్పట్నుంచీ వాన పడిన ప్రతి రాత్రీ ఆయన ఇక్కడికొచ్చి బండ్లు దాటించారు. ఒక్కరికీ చెప్పుకోలేదు. ఆయన పోయాక ఆ రెయిన్‌కోటే తొడుక్కుని ఆవిడ వస్తోంది.

ఇంటికి పదండి పిన్నిగారూ, ఇంకెప్పుడూ రాకండి అన్నాడు మామయ్య. ఆవిడ ఒప్పుకోలేదు.

"నన్ను దెయ్యమనుకుంటున్నారని తెలుసు బాబూ. అనుకోనీ. భయమేస్తే నెమ్మదిగానైనా పోతారు కదా."

అసలు సంగతి చెప్పకుండా ఉంటే బాగుండు అనిపించిందట మామయ్యకు. కానీ చెప్పకపోతే రేపు ఇంకెవడో తొక్కేస్తాడు.

"నెమ్మదిగా పోరు పిన్నిగారూ... దెయ్యం కనబడితే ఆగొద్దు, తొక్కెయ్యమని టీకొట్టు దగ్గర చెప్పుకుంటారు. నేనూ తొక్కాను."

వ్యాన్ కప్పు మీద వాన దంచుతోంది. ఆవిడ గుసగుసగా అడిగింది.

"ఈ మాట ఎప్పట్నుంచి చెప్పుకుంటున్నారు?"

"గోడ కొట్టుకుపోయిన ఏడాది నుంచీ..." అన్నాడు మామయ్య.

ఆవిడ అతని వైపు తిరిగింది.

"అప్పటికి ఆయన బతికే ఉన్నారు కదయ్యా."