చచ్చిన మనిషికి లండన్ పర్మిషన్

దుబాయ్ డేరా ప్రాంతంలోని ఒక హోటల్ టిఫిన్ హాల్లో ఉదయం ఎనిమిదింపావుకి మూర్తి కాఫీ తాగాడు. ఎనిమిదిన్నరకి చచ్చిపోయాడు.

యాభై ఆరేళ్ళ మనిషి. అమెరికా పౌరుడు, పుట్టిందేమో కాకినాడలో. చుట్టాలను చూసి లండన్‌లో మీటింగుకని బయలుదేరి, దారిలో దుబాయ్‌లో రెండు రోజులు ఆగాడు. గుండెపోటన్నారు అంతా. తొమ్మిదిన్నరకి అతని గదిలో పాస్‌పోర్ట్ లేదని తేలింది. పది గంటలకల్లా ఆ గది శుభ్రం చేసే సత్యకుమారిని పోలీసులు తీసుకెళ్ళారు. దొంగతనం ఆమె మీద పెట్టింది హోటల్ మేనేజరే.

పోలీసులు వచ్చేలోపు ఆమె లాండ్రీ గదిలోంచి ఒక్క ఫోన్ చేసింది. ఆ ఫోన్ అందుకున్నవాడు భూమేశ్.

భూమేశ్ జగిత్యాల దగ్గరి వాడు. దుబాయ్ శివార్లలోని సోనాపూర్ కూలీల క్యాంపులో అందరికీ అతను ఏసీ మెకానిక్. ఢిల్లీలో ఒక ఫైలుకి మాత్రం అతను గూఢచారి శాఖ సెక్షన్ నైన్ ఏజెంట్. హోటల్ ఏసీలు బాగుచేసే వంకతో పరిచయమైన సత్యకుమారికి, నాలుగో అంతస్తు గెస్టు మూర్తిని ఎవరెవరు కలుస్తున్నారో చూసి చెప్పమన్నది అతనే.

"బాబూ, టిఫిన్ హాల్లో నేను చూశాను, ఆయన కాఫీ కప్పు మార్చింది ఒకావిడ. నల్ల కళ్ళద్దాలు, బంగారు రంగు చెప్పులు. పోతూ పోతూ నాకు తగిలి, 'జర జరుగు అక్కా' అంది తెలుగులో. నా మీదకి తోసేస్తున్నారు బాబూ." రాజోలు యాస వణికింది. అంతే, ఫోన్ తెగింది.

భూమేశ్‌కి ముందు తన మీదే కోపం వచ్చింది. పొట్టకూటికోసం వచ్చిన మనిషిని తన పనిలోకి లాగాడు. తర్వాతి కోపం గౌసియా మీద.

గౌసియా ఒక విదేశీ హంతక ముఠా లోపలి నుంచి అతనికి కబుర్లందించే సోర్స్. హైదరాబాద్ పాతబస్తీ పిల్ల. ఒంటి మీద మెరిసే అబాయా, నడిస్తే పది మంది తిరిగి చూసే అందం. డేరాలో ఒక ట్రావెల్ డెస్క్‌కి మేనేజర్. బయటికి టికెట్లమ్మే కొట్టు, లోపల ఆ ముఠా స్థావరం.

వాళ్ళ ఎత్తు కొత్త రూల్ మీద నిలబడింది. ఒకప్పుడు అమెరికావాళ్ళు పాస్‌పోర్ట్ జేబులో పెట్టుకుని లండన్ విమానం ఎక్కేసేవాళ్ళు. ఆ ఏడాది జనవరి నుంచి వాళ్ళూ ముందే ఆన్‌లైన్‌లో అనుమతి తీసుకోవాలి. అలవాటు లేని పని, అందరిలోనూ కంగారు. ముఠా ఆ కంగారు మీద వల వేసింది. అచ్చం సర్కారు వెబ్‌సైట్ లాంటిది ఒకటి తెరిచింది. అందులో పడ్డ ఫొటోలు, పాస్‌పోర్ట్ పేజీలు దాచుకుని, ఆ దరఖాస్తుని అసలు సైట్‌కే పంపేది. అనుమతి నిజంగానే వచ్చేది. ఎవరికీ అనుమానం లేదు. వచ్చిన మొహాల్లో తమ హంతకుడి పోలిక ఉన్న మనిషి ఎప్పుడు దుబాయ్ మీదుగా వెళ్తాడా అని కాచుకున్నారు. మూర్తి దొరికాడు.

లండన్‌లో ఆ ముఠా మీద సాక్ష్యం చెప్పాల్సిన మనిషి ఒకడు దాక్కుని ఉన్నాడు. సోమవారం కోర్టు. మూర్తి పేరుతో దిగేవాడి పని అతన్ని అక్కడికి చేరనివ్వకపోవడం.

మూర్తి పాస్‌పోర్ట్ రెండు రోజుల తర్వాత కొట్టేస్తారని, ప్రాణం జోలికి పోరని గౌసియా నిన్ననే చెప్పింది. భూమేశ్ నమ్మాడు.

పదకొండున్నరకి నిచ్చెన, టూల్ బ్యాగుతో ట్రావెల్ డెస్క్‌కి వెళ్ళాడు. "ఫిల్టర్ మార్చాలె మేడమ్," అన్నాడు. అది వాళ్ళ కోడ్. గౌసియా లోపలి గదిలోకి పిలిచి తలుపు మూసింది. మూర్తి సంగతి ఎత్తగానే కళ్ళలో నీళ్ళు తెచ్చుకుంది. తనకి చెప్పకుండా చేశారని, తన ప్రాణమూ ప్రమాదంలోనే ఉందని వాపోయింది. హంతకుడి ఫ్లైట్ రేపు రాత్రికట. ఆమె మాట్లాడినంతసేపూ భూమేశ్ క్లాంప్ మీటర్ ఆమె లాప్‌టాప్ పక్కన బల్ల మీద ఉంది. చూడ్డానికి కరెంట్ కొలిచే పరికరం. నాలుగు నిమిషాలు పక్కన పెడితే చాలు, లాప్‌టాప్ కడుపులో ఉన్నదంతా కాపీ చేసుకుంటుంది.

"మీటింగ్ ఉంది నాకు," అంటూ గౌసియా హ్యాండ్ బ్యాగ్ భుజానికేసుకుని లేచింది. నిచ్చెన దారికి అడ్డంగా ఉంది.

"జర జరుగు భూమేశ్ భాయ్."

జరిగాడు. ఆమె కాళ్ళకి బంగారు రంగు చెప్పులున్నాయి. చేతిలో ఉన్న స్పానర్‌ని అతను ఎంత గట్టిగా పట్టుకున్నాడంటే అరచెయ్యి కమిలిపోయింది.

మెట్ల మీద కూర్చుని ఫోన్‌లో కాపీ తెరిచాడు. మూర్తి పేరు మీద టికెట్ ఉంది. రేపు రాత్రి కాదు, ఈ రోజే, మధ్యాహ్నం రెండు నలభైకి. పక్కనే లండన్ అనుమతి, అప్రూవ్డ్. దాని కింద ఎమర్జెన్సీ కాంటాక్ట్: భార్య విజయదుర్గ, డాలస్ నంబర్.

అబుదాబిలో ఉన్న చీఫ్ అప్పాజీకి ఫోన్ చేశాడు. అప్పాజీ నిదానంగా విని, ఢిల్లీ నుంచి క్లియరెన్స్ రానిదే ఇక్కడి పోలీసులతో మాట్లాడే వీల్లేదన్నాడు. పాస్‌పోర్ట్ రద్దయితే దానికి అంటుకున్న అనుమతీ దానంతటదే పోతుంది, నిజమే. కానీ మనిషి పోయాడని ఆస్పత్రి రాసిస్తేనే అమెరికా కాన్సులేట్ కదులుతుంది. ఫలానా మనిషని రాయడానికి ఆస్పత్రి పాస్‌పోర్ట్ అడుగుతోంది.

"అంటే సార్, చచ్చినోడు చచ్చిండని చెప్పనీకి పాస్‌పోర్ట్ కావాలె. ఆ పాస్‌పోర్ట్ ఏమో ఇమానం ఎక్కుతాంది. నడుమ ఆ అక్క జైల్ల కూసున్నది."

"తొందరపడకయ్యా భూమేశూ. మనకీ ఓ పద్ధతుంది."

"మీ పద్ధతి మీదగ్గర్నే పెట్టుకోండ్రి," అని ఫోన్ కట్ చేశాడు. పదేళ్ళ సర్వీసులో చీఫ్‌తో అలా మాట్లాడటం అదే మొదటిసారి.

టాక్సీ ఎక్కి డాలస్‌కి కలిపాడు. అక్కడ ఇంకా తెల్లవారలేదు. విజయదుర్గ నిద్రమత్తులో ఎత్తి, అతను చెప్పింది విని మండిపడింది. ఇలాంటి మోసగాళ్ళని చాలామందిని చూశానంది. పది నిమిషాల కిందటే ఆయన మెసేజ్ పెట్టాడంది, టిఫిన్ బాగుందని, ఎయిర్‌పోర్ట్‌కి బయలుదేరానని.

"అమ్మా, నన్ను నమ్మకుండ్రి. ఆయననే అడగండి. మీ ఇద్దరికే ఎరుకైనదేదన్న ఒక్కటి అడగండి."

అవతల ఆమె మెసేజ్ కొడుతున్న చప్పుడు. టాక్సీ రెండు సిగ్నళ్ళు దాటింది.

"పెద్దాడు ఫోన్ చేశాడా అని అడిగాను," అందామె చివరికి. "చేశాడు, బాగున్నాడు అని వచ్చింది. మాకు పిల్లల్లేరు."

ఆమే అడిగింది, ఏం చెయ్యాలో చెప్పమని. పాస్‌పోర్ట్ దొంగల చేతిలో పడిందని వాళ్ళ దేశపు ఎమర్జెన్సీ నంబర్‌కి ఇప్పుడే చెప్పాలని, అది రద్దయ్యేదాకా ఫోన్ పెట్టనివ్వకూడదని చెప్పాడు. "ఏడవడానికి తర్వాత టైముంటుంది. ఇప్పుడు వాళ్ళ అంతు చూస్తాను," అంది విజయదుర్గ.

చెకిన్ హాల్‌లోకి అతను చేరేసరికి ఒంటిగంట ముప్పై ఆరు. కౌంటర్ మూసేది ఒంటిగంట నలభైకి. క్యూ చివర నిలబడ్డవాణ్ణి చూడగానే అతని అడుగు ఆగింది. అదే నెరిసిన జుట్టు, అదే కళ్ళజోడు. చచ్చిన మూర్తి కోటు వేసుకుని నిలబడ్డట్టుంది. రెండడుగుల దూరంలో గౌసియా, సాగనంపడానికి వచ్చిన చెల్లెల్లా చెయ్యూపుతోంది.

కౌంటర్ అమ్మాయి పాస్‌పోర్ట్ స్కాన్ చేసింది. పచ్చ లైట్. బోర్డింగ్ పాస్ ప్రింటయింది. నవ్వుతూ చాచింది.

భూమేశ్ టూల్ బ్యాగుతో సహా వాడి మీద పడ్డాడు. కావాలనే తెరిచి ఉంచిన సబ్బునీళ్ళ సీసా కౌంటర్ మీద బోర్లపడి, బోర్డింగ్ పాస్ ముద్దయింది. స్పానర్లు నేల మీద గలగలా దొర్లాయి. నకిలీ మూర్తి అతని చెంప మీద కొట్టాడు. అందరి ముందూ, కూలీని కొట్టినట్టు. భూమేశ్ ఆ దెబ్బ తిన్నాడు. రెండు చేతులూ జోడించి, ఒక్కొక్క స్పానరే ఏరుకుంటూ హిందీలో మాఫీ అడిగాడు. రక్తం మరుగుతున్నా తల ఎత్తలేదు. అతనికి కావలసింది ఒక్క నిమిషం.

కౌంటర్ అమ్మాయి బల్ల తుడిచి, ఇంకో పాస్ తీయడానికి పాస్‌పోర్ట్ మళ్ళీ స్కాన్ చేసింది.

ఎర్ర లైట్.

ఆమె నవ్వు ఆగిపోయింది. ఇంకోసారి చూసి, అనుమతి రద్దయిందనీ ఒక్క నిమిషం ఆగమనీ మర్యాదగా చెప్పింది. ఇద్దరు పోలీసులు దగ్గరికొచ్చారు. వాడు గొంతు పెంచాడు. తాను అమెరికన్ననీ, మూర్తిననీ, కావాలంటే భార్యకి ఫోన్ చేసుకోమనీ అరిచాడు.

సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది. విజయదుర్గ మొగుడి నంబర్‌కి చేస్తోంది. మోగింది వాడి జేబులో కాదు, గౌసియా హ్యాండ్ బ్యాగులో.

గౌసియా చల్లగా వెనక్కి తిరిగింది. భూమేశ్ నిచ్చెన అడ్డం పెట్టినట్టు దారిలో నిలబడి ఉన్నాడు.

"జరుగు," అంది పళ్ళ మధ్య నుంచి.

"నేనైతే జరగ. ఇగ ఆ సార్లను అడుగు."

పోలీసు అధికారి చెయ్యి చాచి ఆ బ్యాగు అడిగాడు. మూర్తి ఫోన్‌తో పాటు, విషం తాలూకు చిన్న గాజు సీసా కూడా అందులోనే ఉంది.

మర్నాడు మధ్యాహ్నం సత్యకుమారిని వదిలారు. స్టేషన్ బయట ఎండలో భూమేశ్ నిలబడి ఉన్నాడు. ఆమె కళ్ళు వాచిపోయి ఉన్నాయి, తల మాత్రం దించలేదు. తప్పు తనదేనని, క్షమించమని అన్నాడు. ఆమె పోలీసులు చెప్పినదాన్ని తలుచుకుని, అమెరికా ఆయన పాస్‌పోర్ట్ ఒక్క పూట కనబడకపోతే రెండు దేశాలు లేచి కూర్చున్నాయటగా అని అడిగింది. అవునన్నాడు.

"నాది మూడేళ్ళ నుంచి మా మేనేజర్ బీరువాలో ఉంది బాబూ. దాని గురించి ఒక్కడూ అడగలేదు. ఊరెళ్ళిపోదావంటే ఇవ్వనంటాడు. నాదైతే దొంగతనం, ఆడిది కాదంట."

భూమేశ్ వంగి టూల్ బ్యాగు భుజానికెత్తుకున్నాడు.

"ఆ బీరువా తాళం ఏ కంపెనీదక్కా?"