శ్రీను పంపిన ఫొటో

పొద్దున్నే చాయ్ గ్లాసు, పేపరు లేనిదే రోజు మొదలుకాని కిషన్ రావు ఆరోజు రెండూ ముట్టలేదు. చిక్కడపల్లి ఇంటి వరండాలో ఫోన్ చూస్తూ కూర్చున్నాడు. ఒక కాలేజీ ఆఫీసులో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరైన మనిషి. నగరంలో ఏ కాలేజీ గుమాస్తాను కదిపినా ఆయనకు తెలిసినవాడే. కూతురు సంయుక్త నారాయణగూడలో డిగ్రీ మూడో ఏడు. అక్కడి ఆఫీసులో ఉన్న ఆయన పాత జూనియర్ శ్రీను, "మనింటి పిల్లనే గద సార్" అంటూ ఆమె ఫైలు ఫొటో తీసి పంపాడు. ఆఫీసుల్లో ఇలాంటి మర్యాదలకు కొదవ లేదు.

హాజరు యాభై ఎనిమిది శాతం. కింద ఒక మెడికల్ సర్టిఫికెట్, దాని మీద మానసిక వైద్యుడి సంతకం.

సంయుక్త బ్యాగు తగిలించుకుని రాగానే ఫోన్ ఆమె ముఖం ముందు పెట్టాడు.

"ఏందిది? పిచ్చి డాక్టర్ దగ్గరికి పోతున్నవా? మాకు చెప్పకుండ?"

వంటింట్లోంచి భార్య విజయశ్రీ పరుగున వచ్చింది. "జర మెల్లగ. పక్కింటోళ్లు వింటరు."

సంయుక్త ముఖం పాలిపోయింది. "ఇది నీకు ఎవరిచ్చిన్రు?"

"ఎవరిస్తే ఏంది? తండ్రిని, నాకు హక్కు లేదా? నా సర్వీసుల అడిగిన ప్రతి తండ్రికి రిజిస్టర్ తిప్పి చూపిచ్చిన."

"ఆ పిల్లల్ని ఎప్పుడన్న అడిగినవా నాన్నా?"

కిషన్ రావుకు తను పనిచేసిన కాలేజీలో చదివిన హారతి అనే పిల్ల గుర్తొచ్చింది. ఆమె తండ్రి అడిగితే, ఏయే రోజులు కాలేజీకి రాలేదో వేలు పెట్టి మరీ చూపించాడు. వారం తిరక్కుండానే ఆ తండ్రి టీసీ తీసుకుని చదువు మాన్పించాడు. సంతకానికి వచ్చిన హారతి కిషన్ రావు వైపు ఊరికే చూసింది. ఆ తర్వాత తను లేచి భోజనానికి వెళ్లాడు.

సంయుక్త ఏడుస్తోంది. "మూడు నెలల సంది నిద్ర పడ్తలేదు. క్లాసుల కూసుంటే ఊపిరాడదు. రేపు చెప్త, రేపు చెప్త అని రోజు అనుకుంటున్న. నా నోటితోని చెప్పుకునే ఆ ఒక్క మాట గూడ నాకు లేకుండ చేసినవ్."

కిషన్ రావు అక్కడే నిలబడి శ్రీనుకు ఫోన్ కలిపాడు.

"శ్రీనూ, ఆ ఫొటో తీసెయ్. ఇంకెవ్వరి ఫైలు ఎవ్వరికీ పంపకు. తండ్రి అడిగినా సరే, ముందు పిల్లను అడుగు."

"మీరే గద సార్ నేర్పింది?"

"అవును. తప్పు నేర్పిన."

తన ఫోన్లోంచి కూడా ఆ ఫొటో తీసేశాడు. క్షమించమని అడగడం ఆయనకు అలవాటు లేని పని. కూతురి పక్కన కుర్చీ లాక్కుని తలదించుకుని కూర్చున్నాడు. సంయుక్త కళ్లు తుడుచుకుంది.

"గురువారం మళ్ల పోవాలె. వస్తవా?"

డాక్టర్ ఏమన్నాడు, ఏం మందులు, ఎన్నాళ్లు? నోటిదాకా వచ్చిన ప్రశ్నలన్నీ మింగేశాడు కిషన్ రావు.

"వస్త బిడ్డా. లోపలికి నువ్వే పో. నేను బయట కూసుంట."